క్లారీ ఊపి చూడని పడవ

ట్రైలర్ మీద పడవ కనిపిస్తే దాన్ని పట్టుకుని ఊపి చూడకుండా అడుగు ముందుకు వెయ్యలేడు మా క్లారీ. పడవ ఎవరిదైనా సరే, పెట్రోలు బంకులో ఆగినదైనా సరే. వెనక పట్టీలు లాగుతాడు, ముక్కు దగ్గర గొలుసు తడుముతాడు. అన్నీ నచ్చితే పడవ డొక్క మీద ఒక్కటి చరిచి, "ఇదింక ఎక్కడికీ పోదు" అంటాడు. ఆ మాట వినేదాకా పడవ గలవాడు కదలడానికి వీల్లేదు.

సొంత కూతురి పెళ్లినాడూ ఇదే వరస. చర్చికి ఎవడో చుట్టం బండికి పడవ తగిలించుకునే వచ్చాడు. పెళ్లికూతుర్ని చెయ్యి పట్టి నడిపించాల్సిన తండ్రి ఎంతకీ రాడు. భార్య బెరిల్ వెతుక్కుంటూ వస్తే, సూటు వేసుకున్న పెద్దమనిషి ట్రైలర్ కింద దూరి ఉన్నాడు.

"నీకు బుద్ధుందా? పిల్ల గుమ్మంలో నిలబడింది!"

"పిల్లకేమే, అది గట్టిగానే ఉంటుంది. ఈ పట్టీ చూడు, ఎంత అరిగిపోయిందో!"

మా ఊళ్లో పట్టీలు ఊడి రోడ్డున పడిన పడవ ఒక్కటీ లేదు. క్లారీ చేతికి చిక్కి ఆ పూట చేపల వేట మానుకున్నవాళ్లు మాత్రం బోలెడు మంది.

మా వీధి నోయెలాకి భర్త పోయాక ఆయన పడవ మిగిలింది. మొదటిసారి తనే తోలుకొచ్చిన రోజు, పాపం, కంగారులో, పడవల్ని నీళ్లలోకి దించే ర్యాంపు పైన ఉండగానే గొలుసు విప్పేసింది. పడవ జారి సిమెంటు మీద చతికిలబడింది. వరసలో ఉన్నవాళ్లంతా హారన్లు కొట్టి మరీ నవ్వారు. ఇంకోసారి ఇలా అయితే పడవ అమ్మిపారేస్తానని బెరిల్ దగ్గర ఏడ్చిందట.

ఈస్టర్ సెలవుల్లో మళ్లీ వచ్చింది. వెనకే నేను, నా వెనక చాంతాడంత వరస. ఆవిడ ట్రైలర్‌ని వెనక్కి నడిపిస్తుంటే అది ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి పోతోంది. ఇంతలో క్లారీ వచ్చి నా బండికి అడ్డం పడ్డాడు.

"ఆగవయ్యా. బండి కాస్త అడ్డంగా పెట్టు, పట్టీ చూడాలి."

"పొద్దున మా ఇంటి ముందే ఊపావు కదయ్యా, మహానుభావా!"

"దారిలో వదులైందేమో."

"రెండు వీధుల దారికా? అవతల సముద్రం పోటు తగ్గిపోతోంది!"

"తగ్గనీ. రేపు మళ్లీ వస్తుంది."

వెనక హారన్లు మొదలయ్యాయి, అన్నీ నా మీదకే. "పడవ కట్టుకోవడం కూడా చేతకాదా నీకు?" అని అరిచాడు డెస్, నా వెనక బండివాడు.

ఒళ్లు మండి దిగాను. తీరా చూస్తే క్లారీ చేతులు నా పట్టీని ఊరికే విప్పి కడుతున్నాయి, కళ్లు మాత్రం కింద నీళ్ల దగ్గరున్నాయి. "గొలుసు ఇప్పుడే తియ్యకమ్మా... చక్రాలు నీళ్లలోకి దిగనీ... ఇంకొంచెం..." అని తనలో తనే గొణుక్కుంటున్నాడు.

"వెళ్లి సాయం చెయ్యొచ్చుగా?" అన్నాను మెల్లగా.

"చేస్తే ఆవిడ దించినట్టు ఎలా అవుతుంది? కుదురుగా నిలబడు."

ఆ ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమ ముంచుకొచ్చింది నాకు. డెస్ రుసరుసలాడుతూ దిగి వస్తుంటే ఎదురెళ్లాను.

"డెస్, కాస్త ఈ ట్రైలర్ కొక్కెం చూసిపెట్టు. నాకేదో తేడాగా ఉంది."

ఏ రోగమూ లేని ఆ కొక్కేన్ని డెస్ వంగి శ్రద్ధగా పరీక్షించడం మొదలుపెట్టాడు. క్లారీ మీసాల్లో నవ్వుకున్నాడు.

అంతలో నోయెలా పడవ మెత్తగా నీళ్లలోకి జారింది. ఆవిడ తాడు పట్టుకుని, ముఖం వెలిగిపోతుంటే మా వైపు తిరిగింది.

"అయ్యో, ఒక్కరైనా చూడలేదా!"

"దేన్నమ్మా?" అన్నాడు క్లారీ, నా ట్రైలర్ కింద నుంచి.