ట్రాన్స్‌మిటర్ గదిలో వడియాలు

నా చిన్నప్పుడు న్యూజిలాండ్‌లోని మా వెల్లింగ్టన్‌లో వడియాలు ఎండే చోటు ఒక్కటే ఉండేది. అది మా నాన్న పనిచేసే రేడియో ట్రాన్స్‌మిటర్ స్టేషను. నవ్వకండి. ఈ ఊరి గాలి సంగతి తెలిసినవాళ్ళు నవ్వరు. పెరట్లో పాత చీర పరిచి వడియాలు పెడితే చీరతో సహా వెళ్ళి పక్కింటి కంచె మీద పడేవి.

ఊరికి దూరంగా, గొర్రెలు మేసే బీడులో ఉండేది ఆ స్టేషను. ఈ దేశంలో సబ్బులకూ బూట్లకూ ప్రకటనలు చదివి బతికిన తొలి రేడియోలలో అదొకటని నాన్న గొప్పగా చెప్పేవారు. స్టూడియో ఊళ్ళో ఉండేది. అక్కడి మాటా పాటా తీగ మీద ఇక్కడికి వస్తే, బలం పెంచి స్తంభం మీది నుంచి గాలిలోకి వదిలేవారు. ఆ పని చేసే గాజు వాల్వులు మోకాలెత్తున ఉండి పగలంతా ఎర్రగా కాలుతుండేవి. వాటి వేడిని ఒక పెద్ద ఫ్యాను వెనక గదిలోకి తోసేది.

స్టేషను పెట్టిన కొత్తలో కుర్రవాడిగా చేరి, అక్కడే తల నెరిసిన ఒక కివీ, అంటే ఈ దేశపు టెక్నీషియన్ ఉండేవాడు. నేను ఆయన్ని స్టేషను తాత అనేదాన్ని. మొదట్లో స్తంభం చెక్కదేనని, గాలికి విరిగినప్పుడల్లా ఊళ్ళో రేడియోలన్నీ మూగబోయేవని, తామే ఎక్కి మళ్ళీ కట్టేవాళ్ళమని చెప్పేవాడు.

అమ్మ ఆ గది చూడటానికి ఒకసారి వచ్చి ముక్కు మీద వేలేసుకుంది. "ఇంత వేడీ ఊరికే పోతోందా!" అంది. తర్వాతి వారమే మా వీధి చివరి డెయిరీలో, అంటే ఇక్కడి కిరాణా కొట్టులో, సగ్గుబియ్యం కొని తెచ్చి జావ కాచి తీసుకెళ్ళి, ఆ గదిలో పరిచిన తన పాత వాయిల్ చీర మీద గరిటెతో చుక్కలు చుక్కలుగా పెట్టింది. స్టేషను తాత ఆ చుక్కలను చాలాసేపు చూశాడు. ముట్టుకోవద్దని తలుపుకు కాగితం అంటించాడు. అప్పటినుంచి ఏటా అక్కడే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అలా వడియాలు పెట్టి వచ్చిన మూడో రోజున అమ్మ పోయింది. గుండె ఆగిందన్నారు. నేను బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరెవరో బూట్లతో తిరుగుతున్నారు. అమ్మ చూస్తే ఊరుకోదు అనుకున్నాను. అంతే, ఇంకేమీ అనుకోలేదు.

ఆ తర్వాత పదకొండు రోజులు నేను ఏడవలేదు, మాట్లాడలేదు. పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. దాన్ని బాధ అని కూడా అనలేను. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు కదా, నాకు ఒళ్ళంతా అలా ఉండేది.

కాకినాడ నుంచి మేనత్త ఫోన్ చేసింది. "పిల్లని ఎలాగోలా ఏడిపించరా. లోపలే ఉండిపోతే పిచ్చిదైపోద్ది. నీ వల్ల కాకపోతే నా దగ్గరికి పంపెయ్," అంది. ఫోన్ నా చెవి దగ్గర పెట్టించి, నాకు ఏడుపు రావాలని తనే బావురుమంది. నేను వింటూ నిలబడ్డాను. నాన్న కూడా, "ఒక్కసారి ఏడవమ్మా" అని బతిమాలారు. చివరికి నా బట్టలు సూట్‌కేసులో పెట్టడం మొదలుపెట్టారు. నాన్నను వదిలి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

ఆ మధ్యాహ్నమే స్టేషను తాత వచ్చాడు. చంకలో చుట్ట చుట్టిన అమ్మ చీర ఉంది. దాన్ని వంటింటి బల్ల మీద పరిచాడు. ఆవిడ చెప్పినట్టే రోజూ చీరను అటూ ఇటూ తిప్పి ఎండబెట్టానని నాన్నతో చెప్పి, కుర్చీ లాక్కుని, లావుపాటి వేళ్ళతో ఒక వడియాన్ని పీకాడు. అది ముక్కలైంది. రెండోదీ ముక్కలైంది. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి మూడోదాని కింద దూర్చబోయాడు.

"అలా కాదు," అన్నాను.

తెలుగులోనే అన్నాను. ఆయన చెయ్యి ఆగిపోయింది. సూట్‌కేసు దగ్గర నాన్న కూడా ఆగిపోయారు. నేను చీర తిరగేసి, వెనకవైపు నీళ్ళు చిలకరించి, కాసేపు నాననిచ్చి ఒక వడియాన్ని ఒలిచి ఆయన చేతిలో పెట్టాను. తర్వాత ముగ్గురం కూర్చుని సాయంత్రం దాకా ఒలిచాం. ఒలిచినవి మళ్ళీ ఒకరోజు ఎండాలని చెప్పాను. ఆ ఇంగ్లీషు మాటలు నా నోట్లోంచే వస్తున్నాయని కొంచెం ఆలస్యంగా తెలిసింది. మర్నాడు వాటితోపాటు నన్నూ స్టేషనుకు తీసుకెళ్ళారు. సూట్‌కేసు బీరువా మీదికి ఎక్కింది, నేను కాకినాడ వెళ్ళలేదు.

అప్పుడు కూడా నేను ఏడవలేదు. ఏడుపు చాలా రోజుల తర్వాత, బడిలో పెన్సిలు విరిగినప్పుడు, దానంతటదే వచ్చింది.

నేను పెద్దదాన్నయ్యాక నాన్న ఒక సంగతి చెప్పారు. అంతకు ముందు ఏడాది అమ్మకు జ్వరం వస్తే, ఆవిడ నేర్పినట్టే నీళ్ళు చిలకరించి, ఒక చీరెడు వడియాలను స్టేషను తాతే ఒలిచాడట. ఒక్కటీ విరగలేదట.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆ స్తంభాన్ని ఎప్పుడో దించేశారు. ఈమధ్య వెళ్ళి చూస్తే గదికి తాళం ఉంది, చుట్టూ గొర్రెలు మేస్తున్నాయి. ఏదో అనిపిస్తుందనుకున్నాను. ఏమీ అనిపించలేదు. కాసేపు నిలబడి బస్సెక్కి వచ్చేశాను.

మొన్న మా పై ఫ్లాట్‌లో ఉండే అమ్మాయికి గుంటూరులో తల్లి పోయింది. టికెట్ దొరికేలోగా అక్కడ అన్నీ అయిపోయాయి. రెండు రోజులుగా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళందరూ ఏడవమంటున్నారు. నేను వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి చారు పెట్టాను. పోపు గరిటెలో నూనె పోసి, అది కాగకముందే ఆవాలు వేసి, వాటిని చూస్తూ నిలబడ్డాను.

చాలాసేపటికి వెనక నుంచి వినబడింది. "అలా కాదు ఆంటీ. ముందు నూనె కాగాలి."

"అలాగా, ఏదీ చూపించు," అని గరిటె ఆ పిల్ల చేతికిచ్చాను.