ఫోన్లో చెప్పిన పుస్తకాలు

మా ఆయన పోయాక నన్ను రేపల్లెలో మా అత్తగారింటి వెనక గదిలో కూర్చోబెట్టారు. మాలో భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు, పరాయి మగవాళ్ల ఎదుట పడకూడదు. దాన్ని ఇద్దత్ అంటారు. మరిది కూడా పరాయివాడి కిందే లెక్క. అందుకని మా మరిది అదే ఇంట్లో ముందుగదిలో ఉంటూ నాతో ఫోన్లో మాట్లాడేవాడు. గోడ అవతల నుంచి అతని గొంతు, చెవి దగ్గర ఫోన్లో మళ్లీ అదే గొంతు వినబడుతుంటే అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చేది.

నేను ఆచారాన్ని తప్పు పట్టడం లేదు. మనిషి పోయినప్పుడు ఏడవడానికి కొంత వ్యవధి కావాలి. కానీ పెళ్లైనప్పటి నుంచీ రోజూ రైలెక్కి పనికి వెళ్లొచ్చినదాన్ని. ఇప్పుడు ఒక మంచం, ఒక చాప, ప్రహరీ గోడకేసి తెరుచుకునే ఒక కిటికీ. ఆ కిటికీ దగ్గరకెళ్లినా మా అత్త "అక్కడ కూర్చోకమ్మా, పక్కింటివాళ్లు చూస్తారు" అనేది. పక్కింటివాళ్లకి కనబడేది నా తల పైభాగం మాత్రమే. అయినా లేచి వచ్చేసేదాన్ని.

తెనాలి స్టేషన్‌కి దగ్గర్లో మాకొక పుస్తకాల కొట్టు ఉంది. ముందువైపు నోటు పుస్తకాలు, పెన్నులు, గైడ్లు మా ఆయన చూసుకునేవాడు. లోపలి గోడ నిండా పిల్లల కథల పుస్తకాలు, అవి నావి. పొద్దున్నే రేపల్లె నుంచి పాసింజరెక్కి వెళ్లి, చీకటి పడేవేళకి తిరిగొచ్చేవాళ్లం. మాకు పిల్లలు కలగలేదు. నాకు తెలిసిన పిల్లలంతా ఆ కొట్టుకొచ్చినవాళ్లే.

తల్లిదండ్రులు రాగానే వయసు చెబుతారు. "ఏడేళ్లండి, మంచి పుస్తకం ఇవ్వండి" అంటారు. మంచి పుస్తకం ఏంటి, నా మొహం! ఆ పిల్లవాడు దేనికి నవ్వుతాడు, దేనికి భయపడతాడు, రాత్రి ఎవరి పక్కన పడుకుంటాడు, ఇవి చెప్పరు. నేనే పిల్లల్ని అడిగి తెలుసుకునేదాన్ని. రెండేళ్ల వాళ్లు పుస్తకాన్ని ముందు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి పేజీలు గట్టి అట్టవై ఉండాలి. నాలుగైదేళ్ల వాళ్లకి ఒకే మాట పేజీ పేజీకీ రావాలి, అది రాగానే చదివే అమ్మకంటే ముందు వాళ్లే అరవాలి. ఏడెనిమిదేళ్ల వాళ్లకి దెయ్యం కావాలి, కానీ ఆ దెయ్యానికి జలుబో, పంటినొప్పో ఉండాలి. పదేళ్ల వాళ్లకి పెద్దవాళ్లు తెలివితక్కువవాళ్లుగా ఉన్న కథ ఏదిచ్చినా చాలు. పన్నెండేళ్ల వాడితో మాత్రం "ఇది పిల్లల పుస్తకం" అన్నామో, అయిపోయింది. వాడికి పుస్తకం చూపించి "అది నీకొద్దులే, పెద్దవాళ్లది" అనాలి. మర్నాటికల్లా వచ్చి కొనుక్కుపోతాడు.

"నీతి ఉందా అండి ఇందులో?" అని అడిగే నాన్నలుండేవారు. "నీతి ఇంట్లో చెప్పుకోండి, ఇక్కడ కథలే దొరుకుతాయి" అనేదాన్ని. కొట్టు ముందువైపు నుంచి మా ఆయన గట్టిగా దగ్గేవాడు. బేరం పోతుందని ఆయన భయం. ఒక పొద్దున ఆయన టీ తాగుతూ తాగుతూ గుండె పట్టుకున్నాడు. ఆస్పత్రికి చేరకుండానే పోయాడు.

మా మరిది బాపట్లలో సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న బంకు నడిపేవాడు. దాన్ని మూసేసి మా కొట్లో కూర్చుంటానన్నాడు. నేను కాపరానికొచ్చేనాటికి అతను నిక్కర్లేసుకుని బడికెళ్లేవాడు. ఇప్పటికీ నాకు "ఒరేయ్" అనే వస్తుంది. "నువ్వు బయటికొచ్చేదాకా చూసుకుంటా భాభీ. నీ కుర్చీ నీదే" అన్నాడు ఫోన్లో. ఇద్దత్ అయిన మర్నాడు పొద్దున్నే పాసింజరెక్కి వెళ్లి ఆ కుర్చీలో కూర్చోవాలి. నాకింక ఈ లోకంలో వేరే కోరికేం లేదని అత్తతో కూడా చెప్పాను. ఆమె తల పంకించింది.

మొదటి వారం అతను పుస్తకాలు లావుని బట్టి అమ్మాడు. చిన్న పిల్లలకి సన్నవి, పెద్ద పిల్లలకి లావువి. అక్షరాలు రాని పిల్లకి పదో తరగతి వాళ్లు చదివేది అంటగట్టాడు, సన్నగా ఉందని. ఆ సంగతి అతనే చెబితే ఫోన్లో చెడామడా తిట్టాను. అప్పటి నుంచి రోజూ సాయంత్రం రైలు వచ్చే ముందు నాకు ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు.

"భాభీ, ఎనిమిదేళ్ల పిల్ల. అస్సలు చదవదంట. ఏం ఇవ్వమంటావు?"

"బొమ్మలెక్కువున్నది ఇవ్వు. కింద నుంచి రెండో అర, ఎర్ర అట్ట, మీద కోడిపుంజు ఉంటుంది."

"ఆ, దొరికింది."

కళ్లు మూసుకుంటే కొట్టు మొత్తం కనబడేది. ఏ అరలో ఏముందో, ఏ పుస్తకం వెనక ఏది దాక్కుందో తడుముకోకుండా చెప్పేదాన్ని. ఆ కాసేపూ నేను వెనక గదిలో ఉన్నట్టే ఉండేది కాదు. ఒకసారి గట్టిగా నవ్వితే మా అత్త గుమ్మంలోకొచ్చి "మెల్లిగా అమ్మా, వినేవాళ్లేమనుకుంటారు" అంది. రానురాను నేను చెప్పిందే తడవుగా అతను "దొరికింది" అనేస్తుంటే, అబ్బ, అరలన్నీ నేర్చేసుకున్నాడే అని మురిసిపోయాను కూడా.

ఇద్దత్ ఇంకా నెలకి పైగా మిగిలి ఉండగానే బాపట్ల నుంచి ఒక టీచరమ్మ పరామర్శకి వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. ఆ పిల్ల చంకలో ఉన్నప్పటి నుంచీ మా దగ్గరే పుస్తకాలు కొంటున్నారు. ఇప్పుడు దానికి పదేళ్లు. టీచరమ్మ మా ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పి కళ్లు తుడుచుకుంది. తర్వాత అంది:

"అడ్రసు కోసం తెనాలి కొట్టుకెళ్లామండి. చూసి ప్రాణం ఉసూరుమంది. అన్నీ సెల్ కవర్లూ, ఛార్జర్లూ. పుస్తకాలు తూకానికి ఇచ్చేశారంట కదండీ. పక్కన టిఫిన్ బండావిడ చెప్పింది, రెండు నెలలైందంట. మీ మనసు ఎంత కష్టపడి ఉంటుందో అనుకున్నాం."

తూకానికి! పాత ఇనుప సామాన్లకీ, అట్టపెట్టెలకీ వేసే కాటాలో నా పుస్తకాలు! ఆవిడ ముందు పరువు పోగొట్టుకోవడం ఇష్టం లేక "తెలుసమ్మా" అన్నాను.

ఆ పిల్ల నా మోకాలి దగ్గరకొచ్చి కూర్చుని "ఆంటీ, ఇప్పుడు నన్నేం చదవమంటారు?" అంది. చెప్పడానికి నాకు వంద ఉన్నాయి. దాని తల నిమిరి ఊరుకున్నాను.

వాళ్లు వెళ్లాక అత్తని నిలదీశాను. ఆమె తడబడలేదు. "వాడికి ఇద్దరు పిల్లలు. ఫోన్ల వ్యాపారమే వాడికి తెలుసు. నువ్వు ఒంటరిదానివి, ఈ ఇంట్లో నీకు తిండికేం లోటు? అంతా అయ్యాక నెమ్మదిగా చెబుదామనుకున్నాం" అంది. ఆమె చెడ్డది కాదు. అది నాకింకా మంటగా ఉంది.

సాయంత్రం మామూలు వేళకి ఫోను మోగింది.

"భాభీ, ఆరేళ్ల పాప వచ్చింది. ఏం ఇవ్వమంటావు?"

"మూడో అరలో నీలం అట్ట. మీద తాబేలు ఉంటుంది, చూడు."

"ఆ... దొరికింది భాభీ. ఇచ్చేస్తున్నా."

"తాబేలు పుస్తకం మన కొట్లో ఎప్పుడూ లేదురా!" అని అరిచాను. "ఏం ఇచ్చావు ఆ పాపకి? ఛార్జరా?"

అటు ఎవరో అతన్ని స్క్రీన్ గార్డు ధర అడుగుతున్నారు.

"బాపట్ల టీచరమ్మ వచ్చి చెప్పింది. ఇన్నాళ్లూ నేను ఎవరికి చెప్పాన్రా పుస్తకాలు?"

"నాకే భాభీ" అన్నాడు. "గైడ్లు తప్ప పెద్దగా ఏమీ అమ్మలేకపోయా. ఫోన్ చెయ్యకపోతే ఆ గదిలో నువ్వేమైపోతావోనని భయమేసింది. అమ్మీ కూడా చెప్పొద్దంది."

"నా కుర్చీ?"

"కొట్టు అద్దె కాగితం నా పేరుకి మార్చేసుకున్నా భాభీ."

అతను ఏడుస్తున్నట్టు తెలుస్తోంది. నాకు జాలి కలగలేదు. ఫోను మంచం మీదికి విసిరికొట్టి గదంతా తిరిగాను. ఆచారం లేదు, గీచారం లేదు, తలుపు తీసుకుని రైలెక్కి పోదామనిపించింది. పోయి ఏం చూడాలి? ఇద్దత్ అయిపోయే రోజు కోసం ఇన్నాళ్లూ కాచుకున్నాను. ఆ రోజు వచ్చినా నాకు వెళ్లే చోటు లేదు. ఆ సంగతి అర్థమయ్యాక చాప మీద కూలబడి, మా ఆయన పోయిన రోజు కంటే ఎక్కువ ఏడ్చాను.

మర్నాడు సాయంత్రం అదే వేళకి మళ్లీ ఫోను మోగింది. ఎత్తకూడదనే అనుకున్నాను. మోగి ఆగింది, మళ్లీ మోగింది. మా అత్త గుమ్మంలో నిలబడి ఒకసారి నన్నూ, ఒకసారి ఫోన్నీ చూసి వెళ్లిపోయింది. ఎత్తాను. అతను మాట్లాడలేదు, పెట్టెయ్యనూ లేదు. ఇంకాసేపట్లో అతను పెట్టేస్తాడు. ఆ తర్వాత నాకు తెల్లారేదాకా ఆ గోడ తప్ప ఏమీ ఉండదు.

"ఇవాళ ఎవరొచ్చార్రా?" అన్నాను.

అతను గొంతు సర్దుకుని "బాబు, భాభీ. ఏడేళ్లు" అన్నాడు.

"చదవడం వచ్చా?"

"కూడబలుక్కుంటాడంట."

"అయితే పెద్ద అక్షరాలున్నది ఇవ్వాలి. పై అరలో, ఎడం చేతివైపు చూడు" అన్నాను.

"చూస్తున్నా భాభీ" అన్నాడు.