సగం మూసిన వాల్వు

టోకమాక్ అనే ఆ పెద్ద యంత్రానికి చల్లటి నీళ్లు అందించే మెకానిక్‌ని అందరూ నీళ్లాయన అనేవారు. ఇంట్లో భార్య కూడా అదే పేరుతో ఏడిపించేది. సూర్యుడి కడుపులో ఉండేటువంటి మండే వాయువును, అంటే ప్లాస్మాను, యంత్రంలో ఆరిపోకుండా నిలబెట్టాలని నాలుగైదు దేశాలవాళ్లు కలిసి కిందామీదా పడుతున్నారు. దాని చుట్టూ ఉన్న గోడ కాగిపోకుండా చూడడం ఈయన వంతు. ఇంతింత లావు చదువులవాళ్లంతా పైగదిలో ఉంటే ఈయన కింద పంపుల గదిలో ఉండేవాడు.

ఒక్కో రోజు ఒక్కో దేశంవాళ్లు తమ ఊళ్లోనే కూర్చుని, తెర మీద నుంచి యంత్రాన్ని నడిపేవారు. వాళ్లలో ఒక ఇంజినీరమ్మ మాత్రం ముందు పంపుల గదిలో ఉన్న తెర మీదకి వచ్చి పలకరించేది. "అన్నయ్యా, నీళ్లెలా ఉన్నాయి?" అనేది. ఆ గది ఒకటుందని గుర్తుపెట్టుకున్నది ఆమె ఒక్కతే. అందుకే ఆమె అంటే ఆయనకు అంత అభిమానం.

గోడకు వెళ్లే వాల్వు పూర్తిగా తెరిస్తే పైపు చెవులు చిల్లులు పడేలా కూత పెడుతుంది. "అన్నయ్యా, ఒక్క ముక్కా వినపడట్లేదు" అంది ఆమె ఒక రోజు. మనవాడికి మొహమాటం ఎక్కువ కదా, వాల్వు సగం మూశాడు. కబుర్లయ్యాయి. మళ్లీ తెరవడం మరిచిపోయాడు.

మామూలుగా అయితే ఏమీ అయ్యేది కాదు. రెప్పపాటులో ఆరిపోయే ప్లాస్మాకు ఆ నీళ్లు చాలు. ఆ రోజు ఆమె ప్రయత్నించిన కొత్త పద్ధతి పనిచేసి ప్లాస్మా చాలాసేపు నిలబడింది. నిలబడింది కాబట్టే గోడ కాగింది, లోహపు రజను రాలి లోపల పడింది, ప్లాస్మా ఆరిపోయింది. పైగదిలో అందరూ ఆమె పద్ధతి మీద విరుచుకుపడ్డారు.

"తప్పు నాదేనండీ. నా లెక్కే తప్పి ఉంటుంది" అంది ఆమె, తెర మీద తల దించుకుని.

అది వింటూనే నీళ్లాయన వాల్వు వైపు చూశాడు. అది ఇంకా సగం మూసే ఉంది. గబగబా పూర్తిగా తెరిచేశాడు. పైవాళ్ల గొడవలో ఆ కూత ఎవరికీ పట్టలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. మరిచిపోవడం పొరపాటే అనుకుందాం. నోరు మూసుకుని కూర్చోవడాన్ని ఏమనాలి?

ఇంటికెళ్తే భార్య నవ్వింది. "ఏంటలా నీళ్లు నములుతున్నారు? ఆఫీసులో నీళ్లు చాల్లేదా?"

చెప్పాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"మిమ్మల్ని అన్నయ్యా అని పిలుస్తుందే, ఆ పిల్లా?" అంది. కంచం పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. సిగ్గుతో అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే పైగదికి వెళ్లి పెద్ద ఇంజినీరు ముందు నిలబడ్డాడు.

"నిన్నటి తప్పు ఆవిడది కాదండీ. వాల్వు నేనే సగం మూసి మరిచిపోయాను. భయపడి చెప్పలేదు."

"అదేదో నిన్నే చెప్పి చావొచ్చుగా!" అన్నాడు పెద్ద ఇంజినీరు. "వాళ్ల దేశంవాళ్లు ఆవిణ్ణి ఈ పనిలోంచి తప్పించేశారు. ఇప్పుడు చెప్తాను, కాదనను. వెనక్కి తీసుకుంటారో లేదో నాకేం తెలుసు?"

నీళ్లాయన కిందికి వచ్చి, రాత్రి పని ముగిశాక మూసిన వాల్వును మళ్లీ పూర్తిగా తెరిచాడు. పైపు కూత అందుకుంది. తెర మీద ఆమె కుర్చీలో ఎవరో కొత్తాయన కూర్చుని చెవులు మూసుకున్నాడు.

"ఏంటండీ ఆ గోల? కాస్త తగ్గించరా?"

"ఒకసారి తగ్గించానండీ" అన్నాడు నీళ్లాయన, వాల్వు మీద నుంచి చెయ్యి తీయకుండా. "ఇంక తగ్గించను."

కొత్తాయన ఏదో అన్నాడు. ఆ కూతలో వినపడలేదు.