పూలగంపల సైకిలు

"ఎనక చక్రంలో గాలి తగ్గినట్లుంది, సూసుకోప్పా."

"హోసూరు దాకా సాలుతుందిలే. నువ్వు సంగటి కెలికేలోగా వచ్చేస్తా."

మా ఆయనా నేనూ ఆఖరున మాట్లాడుకున్నది ఇంతే. ప్రేమగా ఏదో అనుకున్నామని చెప్పుకోవడానికి లేదు. బాగలూరు పక్కన మా తోటలో కోసిన పూలను క్యారియరు మీద కట్టుకుని, తెల్లవారకముందే ఎప్పటిలా బయలుదేరాడు. హోసూరు పూలమండిలో గంపలు దించి, గుండె పట్టుకుని కూర్చున్నాడట, మళ్ళీ లేవలేదు. ఆయన వ్యానులో ఇంటికొచ్చాడు. సైకిలును మా మరిది తోసుకొచ్చాడు.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఆదివారం పూట బెంగళూరు వాళ్ళు తలకు డిప్పలు పెట్టుకుని, సన్నటి సైకిళ్ళ మీద మా రోడ్డులో పోతుంటారు. వాళ్ళను చూసి, "నీ సైకిలు సంగతి చెప్పు పెద్దమ్మా" అని అడిగింది. నాకా, సైకిలంటే ముందు రాగి కంకుల వాసన గుర్తొస్తుంది.

నేను పుట్టింది సూళగిరి దగ్గర. అప్పట్లో ఇంటింటికీ సైకిలు ఎక్కడిది? ఊళ్ళో ఒక అద్దె సైకిళ్ళ అంగడి ఉండేది. మా అన్న గంటసేపటికి తెచ్చుకునేవాడు. వాడికి కాళ్ళు నొప్పి పుట్టాక మిగిలిన కాస్తా నాది. సీటు నా తలకంటే ఎత్తు. బారు కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకు వేలాడుతూ తొక్కేదాన్ని. కోతల కాలంలో మా ఊరివాళ్ళు రాగి కంకులను తారురోడ్డు మీద పరిచేవాళ్ళు, బండ్లు తొక్కుతూ పోతే గింజ రాలుతుందని. నేను నేర్చుకున్నది ఆ పరుపు మీదే. పడినా దెబ్బ తగిలేది కాదు.

"కోతి మాదిరి యాలాడతా ఉండావే! మొగుడింటికి పోయినాక గూడా ఇట్లనేనా?" అని మా అన్న నవ్వేవాడు.

"మొగుడికే నేర్పిస్తా, పోన్నా!"

అరుగు మీద నుంచి మా అమ్మ అరిచేది. "ఇంగో సుట్టు తొక్కే! ఊరికే తిరిగేదానికి నాలుగు గింజలన్నా రాలనీ!"

చక్రం కింద కంకులు సన్నగా చిటపటమనేవి. ఆ చప్పుడు మీదనే తేలిపోతున్నట్టుండేది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఒక్కోసారి మంచం కింద ఆ చప్పుడు వినిపిస్తుంది.

పెళ్ళయి ఈ పక్కకు వచ్చాక నా చోటు వెనక క్యారియరు మీదికి మారింది. సాయంత్రం ఫ్యాక్టరీలు వదిలేవేళ హోసూరులో రోడ్డంతా సైకిళ్ళే. టిఫిన్ డబ్బాల గలగల, గంటలు, తమిళం, కన్నడం, మన తెలుగు అన్నీ కలిసి వాగులా పారుతుండేవి. ఆయన వీపు వెనక కళ్ళు మూసుకుంటే, మేము కదలడం లేదనీ, రోడ్డే మమ్మల్ని మోసుకుపోతోందనీ అనిపించేది.

ఆయన పోయి దినాలు అయ్యాక మా మరిది వచ్చాడు.

"వొదినా, ఆడదానివి, దినామూ పూలు యాడ మోస్తావు? తోట నాకు ఇడిసిపెట్టు. నీకు కూలి నేనే ఇస్తా."

నేను నాటిన చెట్లకు నేనే కూలిదాన్ని కావాలట. నేరుగా పోయి సైకిలుకు గాలి కొట్టించుకొచ్చాను. చలికాలం. చీర కాళ్ళ మధ్యకు బిగించి, పైన ఆయన చొక్కా తొడుక్కుని, చెవులు కప్పే ఆయన ఉన్ని టోపీ పెట్టుకున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎక్కినా కాళ్ళు మరచిపోలేదు. కాకపోతే ఈసారి బారు పైనుంచే.

తొక్కడం కష్టం కాలేదు. మండిలోనే కష్టం. పొద్దున్నే మొదటి బేరం బోణీ. మొగుడు పోయినదాని చేతి నుంచి బోణీ ఎవరు తీసుకుంటారు?

"పక్కన పెట్టమ్మా. ఇంగెవురన్నా రానీ," అనేవాడు మండి నడిపే మండాయన. తిట్టేవాడు కాదు, అంతే. ఎవరో ఒకరు వచ్చేవరకు గంపల పక్కన కూర్చునేదాన్ని. ఒక్కోసారి అందరి గంపలూ అయ్యాకే నావి. ఈలోగా ఎండ పొడుచుకొచ్చి గులాబీలు రేకులు విడిచేవి. వాడిన పూలకు ధర ఏముంటుంది? ఇలాగే ఇంకొన్నాళ్ళు పోతే తోట మరిదిదే.

ఒకనాడు మంచు పట్టింది. ముందు చక్రం కూడా కనబడనంత మంచు. గంపల్లోని సంపంగి వాసన నాకంటే ముందు పోతోంది. ఎదురుగా పాలాయన మోపెడ్ దీపం పసుపుగా తేలుతూ వచ్చింది. చొక్కానూ టోపీనీ చూసి, "ఏమప్పా, ఇంత మంచులోనా!" అన్నాడు. నేను గంట కొట్టాను. అటుపైన చాలా దూరం, సైకిలు తొక్కుతున్నది నేనా, ఆయనా అని తెలియలేదు. ఆయన కాళ్ళే తొక్కుతున్నాయి, నేను వెనక కళ్ళు మూసుకుని కూర్చున్నాను అనిపించింది. ఆ దారి అయిపోకపోతే బాగుండుననుకున్నాను.

మండిలో ఒక్క బల్బు. పూలు తెచ్చేవాళ్ళు ఇంకా ఎవరూ రాలేదు. మండాయన గబగబా వచ్చి నా గంప దించుకున్నాడు. తూచి, డబ్బు కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టాడు.

"మంచి బోణీ కావాలప్పా. ఏమీ మాట్లాడవేమి? సలికి నోరు కొయ్యబారిందా?"

"నోరు బాగానే ఉందన్నా. తూకమే రొవంత తగ్గినట్లుంది."

ఆయన నోరు కొయ్యబారింది. "అయ్యయ్యో! నువ్వామ్మా!"

మూటలు మోసే ముసలాయన పడీపడీ నవ్వాడు. "బోణీ అయిపోయిందప్పా! ఇచ్చిన బోణీ ఎనక్కి అడిగితే లక్ష్మి లేసి పోతుంది, సూసుకో!"

నిజమే, బోణీ వెనక్కి తీసుకోరాదు. మండాయన తల పట్టుకున్నాడు. నేను ఇంటికి రాలేకపోయాను. ఆనాడు బేరం చెడితే ఆ మండిలో నాకింక చోటు లేదు. సైకిలుకు ఆనుకుని నిలబడ్డాను.

మంచులో చాలా తోటల పూలు రాలేదు. కొనేవాళ్ళు మాత్రం వచ్చారు. కృష్ణగిరి నుంచి పెళ్ళివాళ్ళ వ్యాను వచ్చింది. మంచు విడిచేసరికి బల్లలన్నీ ఖాళీ. మండాయన నా వైపు చూడకుండానే అన్నాడు. "రేపు గూడా ఆ టోపీ పెట్టుకొనే రామ్మా. ఎవురన్నా అడిగితే, నాకు తెలీలేదంటాను."

మరునాడు మండి వాకిట్లోనే టోపీ తీసి హ్యాండిల్‌కు తగిలించాను. మండాయన ఆ టోపీనీ చూశాడు, నన్నూ చూశాడు. పక్కన పెట్టమనే మాట నోటిదాకా వచ్చినట్టే ఉంది. గొంతు సవరించుకుని, "దించమ్మా, ఏమి సూస్తావు, పూలు వాడిపోతాయి," అన్నాడు.

ఇప్పుడు మోకాళ్ళు మాట వినవు, పూలు ఆటోలో పోతున్నాయి. తోట నాదే. మా మరిది పొద్దున్నే వచ్చి నా దగ్గరే గులాబీలు కోస్తాడు, కూలి అడగడానికి సిగ్గుపడతాడు.

ఏమి పాపా, రాసేది ఆపి నవ్వుతా ఉండావు? నేను సెప్పనిది ఏమన్నా కలిపినావా ఏమి? ఏదీ, మొదట్నుంచి సదువు, ఇంటాను.