రోకటి దెబ్బతో నేర్పిన భాష

మదనపల్లె నర్సమ్మ మొన్న పోయారు. కబురు ఫోన్లో విన్నాను. వాళ్ల వీధిలో ఆమె చేత సూది వేయించుకోనివాళ్లు లేరు. నాకు మాత్రం ఆమె డచ్చి భాష నేర్పిన గురువు. వయసులో ఉండగా ఒక హాలండు డాక్టరమ్మ దగ్గర పన్నెండేళ్లు పనిచేసి, వింటూ వింటూ నేర్చుకున్నారట.

తొంభైల చివర్లో కుప్పంలో ఒక గ్రానైటు ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. సమాధిరాళ్లు కొనే హాలండు షావుకారుకు ఇంగ్లీషు పడదు. మూడు నెలల్లో ఆయనతో ఆయన భాషలో మాట్లాడితేనే ఉంచుతామన్నారు. ఏమైనా సరే, ఆ కుర్చీ వదిలేది లేదనుకున్నాను.

ప్రతి ఆదివారం మా ఊరు పుంగనూరులో బస్సెక్కి ఆమె ఇంటికి వెళ్లేదాన్ని. పుస్తకం లేదు, పలక లేదు. రోలు ముందు నిలబెట్టి చెనక్కాయల పొడి దంచమనేవారు.

"రెండు మాటలు అతికిస్తే ఒగ మాట. జీకెన్ అంటే రోగులు, హౌయ్స్ అంటే ఇల్లు. జీకెన్‌హౌయ్స్, ఆస్పత్రి. యెనకుండేది వస్తువు, ముందుండేది దాని గుర్తు. రోకలి మాత్రం ముందుదాని మిందే పడల్ల."

నేనేమో అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలికేదాన్ని. "ఏందమ్మా అది, ఎక్కాలు సదివినట్ల? మళ్లా దంచు!" అనేవారు. పొడి నూనె కక్కేది గానీ నా మాట కుదిరేది కాదు. ఒకరోజు ఒళ్లు మండి రోకలి పారేశాను. ఆమె తీసి మళ్లీ నా చేతిలో పెట్టారు.

"నోరు మొండిదమ్మా. దానికన్నా నువ్వు మొండిగా ఉండల్ల."

గడువు చివరి రోజున, ఎవరూ పిలవకుండానే, రెండు బస్సులు మారి ఆమె కుప్పంలో మా ఆఫీసుకు వచ్చేశారు. ఫోన్ మోగింది. ఏ రాయి కొలతలు కావాలని షావుకారు అడిగాడు. "ఖ్రాఫ్‌స్తేన్," అన్నాను, బలమంతా ఖ్రాఫ్ మీద వేసి. సమాధిరాయి. ఆయనకు అర్థమైంది. కొలతలు చెప్పాడు, రాసుకున్నాను. ఉద్యోగం నిలిచింది!

సంతోషం పట్టలేక, "మీరూ మాట్లాడండమ్మా," అని ఫోన్ ఆమెకిచ్చాను. డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోయాక, నాతో తప్ప ఆ భాషలో మాట్లాడేందుకు ఆమెకు ఎవరూ లేరని అప్పుడు నాకు తట్టలేదు. ఆ వెలితి ఏమిటో మొన్నటి నుంచి నాకూ తెలుస్తోంది.

ఆమె ఫోన్ చెవికి ఆనించుకున్నారు. అవతల ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. కొంగు భుజం నిండా కప్పుకుని, కళ్లు మూసుకుని, ఆమె అలా వింటూ నిలబడిపోయారు.