అన్వరమ్మ మూడు డబ్బాలు

అన్వరీ బేగం దగ్గర అక్షరాల అట్ట ఉండేది కాదు. పట్నంలో కంటి పరీక్ష అంటే గోడకు అట్ట వేలాడదీసి పైనుంచి కిందికి చదవమంటారు. నకిరేకల్‌లో ఆమె పనిచేసే లియాఖత్ అలీ కళ్ళద్దాల దుకాణానికి వచ్చేవాళ్ళలో పదిమందిలో ఏడుగురికి అక్షరం ముక్క రాదు. వాళ్ళ చేత ఏం చదివిస్తుంది? అందుకే ఆమె ఒక సూదీ నల్లదారమూ, ఇత్తడి పళ్ళెంలో గుప్పెడు బియ్యమూ పెట్టుకునేది. ఆ బియ్యంలో పన్నెండు తెల్లరాళ్ళు తనే ఏరి కలిపేది. నేత పనివాడు వస్తే సూదిలో దారం ఎక్కించాలి. కూలికి పోయే ఆడమనిషి వస్తే రాళ్ళు ఏరాలి. ఖాళీ ఫ్రేములో ఒక్కో అద్దం మారుస్తూ పోయేది. పన్నెండో రాయి ఏ అద్దంతో దొరికితే అదే ఆ మనిషి అద్దం.

"ఇగో, మళ్ల నీ కన్ను నీకొచ్చింది. ఇగ అత్త మీద ఎయ్యనీకి ఎన్ని రాళ్లన్న ఏరుకో," అని నవ్వించి పంపేది. కంట్లో పొర వచ్చినవాళ్ళకు మాత్రం అద్దం అమ్మేది కాదు. "దవాఖానకు పో. నా అద్దంతోని నీకు పని గాదు," అని మొహం మీదే చెప్పేది.

ఆ దుకాణంలో అద్దాల అంచు అరగదీసే సానరాయి దగ్గర మొదట కూర్చున్నది ఆమె భర్త ఖుద్దూస్. ఎనభై రెండులో జ్వరమొచ్చి పోయాడు. మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చిన ప్రతిసారీ ఆయన చేతుల కేసి చూస్తూ నిలబడ్డ అలవాటే ఆమెకు చదువు. దినాలు గడిచాక వచ్చి రాయి ముందు కూర్చుంటే లియాఖత్ అలీ కాదనలేదు కానీ, ముందు ఒక పరదా కట్టించాడు. వారం తిరగకముందే ఆమె దాన్ని ముడిచి మేకుకు తగిలించింది.

"చీకట్ల అద్దం ఎట్ల అరగదీయాలె భాయ్? పరదా అన్న ఉండాలె, పనన్న ఉండాలె."

పని ఉండిపోయింది.

ఎనభై ఏడు నాటికి ఆ దుకాణం సంగతి జనానికి మూడు తొవ్వల్లో, అంటే మూడు దారుల్లో, తెలిసేది. ఒకటి, టాకీసులో బొమ్మకు ముందు వేసే స్లైడు. రెండు, బస్సులు పోయే రోడ్డు వెంట గోడల మీద నీలిరంగు రాతలు. మూడు, పెద్దులు డప్పు. వారపు అంగడి ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరికి పోయి, డప్పు కొట్టి, కళ్ళద్దాల కబురు చాటి వచ్చేవాడు పెద్దులు. యాభై దాటిన మనిషి.

ఆ డప్పు గురించి ఒక మాట చెప్పాలి. పెద్దులు తండ్రి జీవితమంతా డప్పు కొట్టాడు. దొర పెళ్ళికి, దొర చావుకు, దొర చాటింపుకు. అంతా వెట్టి. చేతులు వాచినా అడిగే నోరు లేదు. పెద్దులు మాత్రం మాట్లాడుకున్న కూలికే డప్పు కొట్టిన మొదటి మనిషి ఆ ఇంట్లో. "మా నాయిన డప్పు బెదిరిచ్చి కొట్టిచ్చుకున్నరు. నా డప్పు పిలిచి కొట్టిచ్చుకుంటున్నరు," అనేవాడు. నెలకు ఎనిమిది అంగళ్ళు. ఆ పని పోతే మళ్ళీ ఏ పెద్దమనిషి అరుగు ముందో చేతులు కట్టుకొని నిలబడాలి.

ఆ పని పోయేటట్టు ఉందని ఆ ఎండాకాలంలో తెలిసింది.

టాకీసులో స్లైడులు వేసే భిక్షపతి వచ్చి లియాఖత్ అలీ చెవిలో ఊదాడు. "డప్పు ఏంది సేటూ, పాతకాలపు కత! పెద్దోళ్లు డప్పు విని వస్తరా? గా పైసలు గూడ నా స్లైడుకు పెట్టు, రెండు ఆటలకు ఏస్త." లియాఖత్ అలీ చెడ్డవాడు కాదు, ఊగే మనిషి. అన్వరీని పిలిచి, నెల రోజులు వచ్చిన ప్రతి మనిషినీ ఎట్లా తెలిసి వచ్చారో అడగమన్నాడు. ఏ తొవ్వన ఎవరూ రాకపోతే ఆ తొవ్వ మూసేద్దామన్నాడు.

అన్వరీ టీపొడి అయిపోయిన మూడు చాయపత్తా డబ్బాలు కడిగి వరసగా పెట్టింది. మొదటిది స్లైడుకు, రెండోది గోడకు, మూడోది డప్పుకు. వచ్చిన మనిషికొక చింతగింజ. అడిగేది, జవాబును బట్టి గింజ వేసేది. నెల తిరిగేసరికి మొదటి దాంట్లో నలభై ఆరు, రెండో దాంట్లో ఇరవై ఒకటి. డప్పు డబ్బా బోర్లిస్తే రాలినవి నాలుగు.

"సూసినవా? ఇగ వచ్చే నెలకెల్లి పెద్దులును వద్దందాం," అన్నాడు లియాఖత్ అలీ.

ఆ మాట పెద్దులుకు చెప్పడం అన్వరీ నెత్తినే పడింది. పెద్దులు గడప అవతలే నిలబడి విన్నాడు. డప్పును ఒక చంక లోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"నాలుగేనా అన్వరమ్మా? మొన్న హాలియా దిక్కు అంగడిల నా కండ్ల ముంగటనే ఆరుగురు బస్సెక్కిండ్రు. గా ఆరుగురు యాడ దిగిండ్రు మరి?"

"నాకేం తెలుసు పెద్దులన్నా? వాళ్లు చెప్పిందే ఏసిన."

"నీ గింజలు అబద్ధం ఆడయి. నా డప్పు గూడ ఆడది. మజ్జెల ఎవరో ఆడుతున్నరు."

చాయ్ తాగిపొమ్మంటే ఆగలేదు. జాలికి ఇచ్చిన చాయ్ తాగే మనిషి కాదు అతను. అన్వరీ సానరాయి ముందు కూర్చుని ఆ నాలుగు గింజలనూ మళ్ళీ లెక్కపెట్టింది. ఆ గింజలు వేసింది తన వేళ్ళే కదా.

మూడు రోజులకు అమరేందర్ పటేలు వచ్చాడు. రోడ్డుకు నాలుగు కోసుల లోపలి ఊరు ఆయనది. అన్వరీ అలవాటు కొద్దీ అడిగింది.

"సినిమాల సూసిన. నిన్ననే మాట్నీకి పోతే తెర మీద ఏసిండ్రు," అన్నాడు పటేలు కాలు మీద కాలేసుకొని.

ఆయన ఇంకా దుకాణంలో ఉండగానే భిక్షపతి చెవి కాడ విరిగిన అద్దాలు పట్టుకొని దిగాడు. "జర తొందరగ చేసియ్యక్కా. టాకీసుల మిషను ఖరాబయ్యి తొమ్మిది దినాలాయె. పట్నంకెల్లి సామాను రాలే, బొమ్మ పడలే. నేను దినాం గేటు కాడ నిలవడి తిట్లు తింటున్న."

పటేలు పైకప్పు వైపు చూశాడు. అన్వరీ ఆయన అద్దాలు తయారు చేసి మర్యాదగా పంపింది. భిక్షపతి కూడా పోయాక, పళ్ళెం ముందు రాళ్ళు ఏరుతున్న గుర్వమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకొని పకపకా నవ్వింది. ఆమెది కూడా పటేలు ఊరే. అక్కడ నాట్లకు పోతుంది.

"సినిమానట సినిమా! మా పటేలు ఆయితారం నాడు అరుగు మీద కూసోని పెద్దులు చాటింపు మొత్తం విన్నడమ్మా. ఇంకోపారి చెప్పుమని గూడ అన్నడు."

"మరి గా మాట ఎందుకు చెప్పడు?"

"ఏం మాటమ్మా! మాదిగాయన మాట విని బస్సెక్కి వచ్చిన్నని పటేలు నోటెంబడి ఎట్లొస్తది?"

"మంచిగుంది. మరి నువ్వు? నువ్వు గూడ పొద్దుగాల సినిమా అనే అన్నవు గద!"

గుర్వమ్మ నాలిక కరుచుకుంది. "అందరు అంటుండ్రని అన్న. డప్పు విని వచ్చిన్నంటె పాత అద్దాలు అంటగడ్తవేమోనని భయమేసింది. నేను టాకీసు మొకమే సూడలే తల్లీ."

అన్వరీ మూడు డబ్బాల కేసి చూసింది. నెల రోజులు తను లెక్కపెట్టింది మనుషులు వచ్చిన తొవ్వను కాదు, వాళ్ళు చెప్పుకోవాలనుకున్న దర్జాను. ఊళ్ళో బావి దగ్గర, హోటల్లో గ్లాసు దగ్గర ఉండే అంటు వచ్చి తన చాయపత్తా డబ్బాలో కూర్చుంది. తనే గింజ గింజా దాన్ని లోపలికి పిలిచింది.

లియాఖత్ అలీ దుకాణానికి రాగానే ఎదురు నిలబడింది. "భాయ్, నా లెక్క తప్పు. ఇంకొక నెల ఇయ్యి."

"గింజలు నువ్వే ఏస్తివి, తప్పు నువ్వే అంటివి!"

"గింజలు సరిగనే ఏసిన. అడుగుడే తప్పు. ఎట్ల తెల్సిందని అడిగితె ఎవడన్న గొప్పే చెప్పుకుంటడు. అడగకుంట తెల్వాలె."

ఉపాయం ఆమెదే. మూడు తొవ్వలకూ మూడు గుర్తులు పెడదామంది. దుకాణం పోస్టాఫీసుకు పక్కన, బస్టాండుకు ఎదురు. స్లైడు మీద పోస్టాఫీసు పక్కన అని మాత్రమే ఉండాలి. గోడ మీద బస్టాండు ఎదురుగా అని మాత్రమే ఉండాలి. వచ్చినవాడు గడపలో నిలబడి దేని పేరు చెప్పి "ఇదేనా?" అంటాడో, ఆ తొవ్వనే వచ్చినట్టు.

"నాకేం మిగిలింది మరి?" అన్నాడు కబురు పెడితే వచ్చిన పెద్దులు. "పోస్టాఫీసు స్లైడుకిస్తివి, బస్టాండు గోడకిస్తివి. నేనేం చెప్పాలె, ఆకాశం కింద అని చెప్పాల్నా?"

"నా పేరు చెప్పు."

లియాఖత్ అలీ చేతిలోని తువ్వాల జారింది. "మతి ఉండే మాట్లాడుతున్నవా అన్వరీ? ఆడమనిషి పేరు అంగడిల డప్పు మీద!"

ఇంటికి పోతే అత్త ఇక్బాల్ బీ అంతకంటే పెద్ద గొంతు చేసింది. "మన ఇంట్ల ఆడోళ్ల పేరు పెండ్లి కార్డు మీదనే ఎయ్యలే. ఊరూరా కొట్టిస్తవా? ఖుద్దూస్ ఉంటె ఏమనేటోడు?"

"సూదిల దారం ఎక్కిందా అని అడిగేటోడు అమ్మీ. ఆయన అడిగేది గదొక్కటే." అన్వరీ అత్త పక్కన చాప మీద కూర్చుంది. "గీ అయిదేండ్లల్ల నేను అరగదీసిన అద్దాలు ఎన్ని ఊర్ల ముక్కుల మీద ఉన్నయో తెలుసా? నీ ముక్కు మీదియి గూడ నేను చేసినయే. నా చెయ్యి పోయిన కాడికి నా పేరు పోతె తప్పేంది?"

ఇక్బాల్ బీ తన అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. మరునాడు కోడలు బయలుదేరేటప్పుడు, "పేరు సరిగ పలుకుమని చెప్పు ఆ డప్పాయనకు," అంది.

మోత్కూర్ అంగడిలో పెద్దులు గొంతెత్తాడు. "ఇనుండ్రయ్యా, ఇనుండ్రమ్మా! బియ్యంల రాయి కనవడనోళ్లు, సూదిల దారం ఎక్కనోళ్లు, నకిరేకల్‌ల బస్సు దిగి అన్వరమ్మ యాడుంటదని అడుగుండ్రి! అన్వరమ్మా!" ఆ పేరు తర్వాత మూడు దెబ్బలు ఎక్కువ కొట్టేవాడట. అట్లా కొట్టమని ఎవరూ చెప్పలేదు.

మొదటి వారంలోనే బస్టాండు చాయ్ హోటలువాడు విసుక్కున్నాడు. "అన్వరమ్మ యాడ, అన్వరమ్మ యాడ! దినమంత చెయ్యి చూపెట్టి చూపెట్టి నా రెక్క పోయింది."

మూడో వారం అమరేందర్ పటేలు మళ్ళీ వచ్చాడు, ఈసారి భార్య భద్రమ్మను వెంటబెట్టుకొని. మొదటిసారి "ఏమమ్మా" అని పిలిచిన మనిషి, గడపలోనే "ఇగో అన్వరమ్మా, మా ఇంటామెకు గూడ అద్దాలు కావాలె," అన్నాడు.

"కూసోండ్రి పటేలా. నా పేరు ఎట్ల తెల్సింది?"

"సినిమాల సూసిన."

భద్రమ్మ తల పక్కకు తిప్పుకొని నవ్వింది. అన్వరీ నవ్వలేదు. గింజ తీసి, ఆయన చూస్తుండగానే మూడో డబ్బాలో వేసింది. అది ఠంగుమనలేదు. అప్పటికే డబ్బా సగం దాటింది.

నెలాఖరుకు లియాఖత్ అలీ తన చేతులతోనే డబ్బాలు బోర్లించాడు. స్లైడుకు పదకొండు. గోడకు పంతొమ్మిది. డప్పు గింజలు తువ్వాల మీద కుప్పగా పోస్తే తొంభై రెండు. ఆయన రెండుసార్లు లెక్కపెట్టి, మూడోసారి మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు.

"పెద్దులును ఇంకో నాలుగు అంగళ్లకు పొమ్మను," అన్నాడు.

"నువ్వే చెప్పు భాయ్. పోయిన పారి వద్దని నాతోని చెప్పిచ్చినవు. గీ మాట నీ నోటితోని చెప్పు. గడప అవతల గాదు, లోపట కూసోబెట్టి చెప్పు."

లియాఖత్ అలీ కాసేపు గడ్డం గోక్కున్నాడు. పెద్దులు వచ్చాక స్టూలు ఆయనే జరిపాడు. ఆ దుకాణంలో పెద్దులు కూర్చోవడం అదే మొదలు. చాయ్ మూడు గ్లాసుల్లో వచ్చింది. మూడూ ఒక్క తీరు గ్లాసులే. ఈసారి పెద్దులు తాగాడు.

తాగి, గ్లాసు కింద పెట్టి, డప్పు అంచు కుట్టు మీద వేలు పెట్టి చూపించాడు. "అన్వరమ్మా, గీ తోలు కుట్టుడు నాకు కనవడుత లేదు. నాలుగు నెలలాయె. తడిమి కుడుతున్న."

"ఊరందరికి చాటినవు, నీ సంగతి చెప్పకపోతివి!" అన్వరీ ఖాళీ ఫ్రేము అతని ముక్కు మీద పెట్టింది. ఒకటి, రెండు, మూడో అద్దం. నాలుగో అద్దానికి పెద్దులు సూది అందుకొని ఒక్క ఊపున దారం ఎక్కించి పైకెత్తి చూపించాడు. లియాఖత్ అలీ శభాష్ అన్నాడు.

"మరి నన్ను ఏ డబ్బాల ఏస్తవు?" అన్నాడు పెద్దులు నవ్వుతూ.

అన్వరీ చింతగింజ ఒకటి తీసి అతని చేతిలోనే పెట్టి, మూడో డబ్బా ముందుకు జరిపింది.

"నువ్వే ఎయ్యి. నీ డప్పు విని వచ్చినోనివే గద."