ఎక్కడికని అడిగే కోడి

పిల్లల పుస్తకాలు రాస్తాను, వాటికి బొమ్మలు కూడా నేనే వేస్తాను అని చెబితే చాలామంది "ఓ, పిల్లలకా!" అంటారు. ఆ "ఓ"లో కాస్త జాలి ఉంటుంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. పెద్దవాళ్లని ఏడిపించడం ఎవరికైనా చేతనవును, రెండో తరగతి పిల్లని మూడో పేజీలో నవ్వించి రండి, అప్పుడు మాట్లాడుకుందాం అంటాను. ఇప్పటికి పద్దెనిమిది పుస్తకాలు వేశాను. గొప్పలు చెప్పుకోకూడదంటారు. నేను చెప్పుకుంటాను. కష్టపడింది నేనే కదా.

మొదటి పుస్తకం ఒక కోడి గురించి. ఆ కోడి పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురొడ్డున ఉన్న బాంబూఫ్లాట్‌లో, మా ఇంటి గుమ్మంలో.

మా నాన్న శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున పుట్టినవాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఈ దీవుల్లోకి జనాన్ని తెచ్చి స్థిరపరుస్తున్న రోజుల్లో ఓడెక్కి వచ్చేశాడు. ఒక వల, రెండు తెడ్లు, ఒక ఇత్తడి చెంబు, మా అమ్మ. ఆయన వెంట తెచ్చుకున్నవి ఇవే. "వరసలో నన్ను ఆఖర్న పెట్టినాడు సూడు" అని అమ్మ బతికున్నన్నాళ్లూ దెప్పింది.

ఓడలో సామానుతో పాటు మా వాళ్లు ఒక కట్టడి కూడా తెచ్చుకున్నారు. వేటకి, అంటే చేపల వేటకి, బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడక్కూడదు, అడిగితే వల ఖాళీగా వస్తుంది. ఎవరైనా నోరు జారి అడిగారా, ఆ మనిషి వెనక్కి రావాలి, ఇంట్లో కాసేపు కూర్చోవాలి, మంచినీళ్లు తాగాలి, అప్పుడు మళ్లీ బయల్దేరాలి. అందుకే వల భుజాన వేసుకున్న మనిషి ఎదురొస్తే రేవులో అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మొహం పక్కకి తిప్పేసేవారు. ఈ మర్యాద వేటకెళ్లే మగవాళ్లకే. మాకు లేదు. ఆడపిల్ల గడప దాటితే చాలు, "ఎక్కడికే?" అని ఒకరు, "ఎందుకెల్తన్నావే?" అని ఇంకొకరు, "కిధర్ బేటీ?" అని కొట్టు భయ్యా. జవాబు చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

నాకు ఆరేళ్లప్పుడు ఓ పొద్దున్న నాన్న వల తీసుకుని బయల్దేరుతుంటే గుమ్మంలో నుంచుని "ఎక్కడికి నానా?" అన్నాను. నాన్న వెనక్కొచ్చాడు, కూర్చున్నాడు, చెంబెత్తి నీళ్లు తాగాడు. అంత పెద్ద మనిషి నా ఒక్క మాటకి అలా తిరిగొచ్చి కూర్చోవడం నాకు భలే నచ్చింది. మళ్లీ లేచాడు, మళ్లీ అడిగాను. మూడోసారి కూడా అడిగేసరికి అమ్మ చీపురు తీసింది. ఈలోపు మిగతా డుంగీలన్నీ వెళ్లిపోయాయి. మా దీవుల్లో చిన్న పడవని డుంగీ అంటాం.

నాన్న కొట్టలేదు. నీళ్లతో నిండిన పొట్ట తడుముకుంటూ, "ఇది ఆడగుంట కాదే, గుమ్మంలో కోడి. తెల్లారితే సాలు, మొదలెట్టెస్తాది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం పొయ్యిలో బొగ్గు తీసి చెక్క గోడ మీద బొమ్మ గీశాను. కుండంత పొట్టతో నాన్న, ఎదురుగా ఓ కోడి. అమ్మ కడిగినా మరక పోలేదు. ఇంటికి ఎవరొచ్చినా నాన్న ముందు ఆ మరక చూపించేవాడు, తరవాతే టీ.

పెద్దయ్యాక నేను బడిలో పంతులమ్మనయ్యాను. రోజూ ఫెర్రీ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్లి చిన్న తరగతులకి తెలుగు చెప్పేదాన్ని. పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. మాట్లాడమంటే గలగలా మాట్లాడతారు, పుస్తకం చేతికిస్తే గాలానికి దొరికిన చేపలా నోరు తెరుస్తారు. తప్పు పిల్లలది కాదు. పాఠంలో ఎద్దుబండి, కోత కోసిన పొలం, నూతి గిలక. మా వాళ్లు చూసింది ఓడ, ఫెర్రీ, వల. ఎద్దుబండి బొమ్మ చూపించి ఒకడు "దీదీ, దీనికి ఇంజన్ కిధర్ హై?" అని అడిగాడు. ఆ రోజు నాకొచ్చిన కోపానికి ఫెర్రీ దిగి ఇంటిదాకా ఎవరికీ జవాబు చెప్పలేదు. "ఎక్కడనుంచే?" అన్నవాళ్లకి కూడా.

ఆ కోపంలోనే కోడి పుస్తకం మొదలెట్టాను. పేజీకి రెండే వాక్యాలు, మిగతాదంతా బొమ్మే. ఒక రేవు. అక్కడ ఒక కోడి. వేటకెళ్లే ప్రతివాణ్ణీ మెడ సాచి "ఎక్కడికీ?" అంటుంది. వాడు వెనక్కెళ్లి నీళ్లు తాగుతాడు. రేవంతా పొట్టలు ఉబ్బిన మగవాళ్లు కూర్చునుంటారు, డుంగీలు కట్టినచోటే ఉంటాయి, పిల్లులు ఖాళీ చేపల బుట్టలు నాకుతుంటాయి. చివరికి ఆ కోడిని కూర వండేస్తారు. క్లాసులో చదివితే పిల్లలు బల్లలు గుద్ది నవ్వారు. "దీదీ, యే ముర్గీ బహుత్ షైతాన్!" అన్నారు. చదవడం రానివాడు కూడా "ఎక్కడికీ" అన్న మాట దగ్గరికి రాగానే వేలు పెట్టి చదివేశాడు. కానీ కూర దగ్గరికొచ్చేసరికి ముగ్గురు ఏడ్చారు. ఆ ముగింపు తప్పని తెలుసు, ఇంకోటి తోచలేదు.

విశాఖపట్నంలో చిన్న ప్రెస్సు నడిపే ఒకాయనకి ఉత్తరం రాశాను. బొమ్మలు వచ్చే ఓడ టపాలో అందితే బళ్లు తెరిచేలోగా అచ్చేస్తానని జవాబిచ్చాడు. తప్పితే మళ్లీ ఏడాదే.

ఇంతలో పిల్లలు ఇళ్లకెళ్లి కథ చెప్పేశారు. సరిగ్గా ఆ వారమే రేవులో నాలుగు రోజులు వలలు ఖాళీగా వచ్చాయి. ఇంకేముంది! రేవులో పెద్ద దిక్కు ముసలి సరంగు, నాన్నకి వరసకి మావ. ఒకప్పుడు పెద్ద పడవ నడిపినవాడు, ఆయన మాటంటే అందరికీ గురి. నాన్న డుంగీలో పనిచేసే ఇద్దరినీ వెంటేసుకుని మా ఇంటి ముందుకొచ్చాడు.

"సముద్రంతో ఏలాకోలమేటి అల్లుడా? నోట అనకూడదని మనం నోర్లు మూసుకుంటంటే నీ కూతురు ఏకంగా అచ్చేయిస్తాదా? ఆ పుస్తకం ఓడెక్కిందంటే ఈళ్లిద్దరూ నీ డుంగీ ఎక్కరు."

ఇద్దరూ తలలు వంచుకున్నారు. వాళ్లు లేకపోతే నాన్నకి వేట లేదు. నేను ఊరుకుంటానా? "తాతా, చేపలు తెలుగు చదువుతాయా?" అన్నాను. అమ్మ నా చెయ్యి గిల్లింది. బయటికి అలా అన్నానే గానీ, నాన్న వద్దంటే పంపను, పంపలేను. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

నాన్న "బొమ్మలు తే" అన్నాడు. ఆయనకి చదువు రాదు. కాగితాలు ఒళ్లో పెట్టుకుని ఒక్కోటే తిప్పాడు. కోడిని చూసి నవ్వలేదు. పొట్టలు చూసి నవ్వలేదు. అయిదో బొమ్మ దగ్గర మాత్రం ఫక్కున నవ్వాడు. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే అది నవ్వాల్సిన బొమ్మ కాదు.

"ఇదేటి?"

"వల నానా. డుంగీలో వల."

"వలా? గడ్డిమోపనుకున్నాను. ఇలా పడేస్తే అది సేపల్ని పట్టదు, మమ్మల్నే పట్టుద్ది."

నాకు తల కొట్టేసినట్టయింది. మత్స్యకారుడి కూతుర్ని, వలల మధ్య పెరిగినదాన్ని! కానీ మా వాళ్లలో ఆడది వేటపడవ ఎక్కకూడదు. పుట్టినప్పట్నుంచీ పడవని ఒడ్డునుంచే చూశాను. వెళ్తుంటే వెనక వైపు, వస్తుంటే ముందు వైపు. వేటకెళ్లేటప్పుడు లోపల వల ఎలా సర్దుతారో ఒక్కనాడూ చూడలేదు. తెలియని చోట ఏదో గీకేశాను.

నాన్న లేచి నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్లాడు. మా డుంగీ తారు పూయడానికని ఇసక మీదకి లాగి ఉంది. "ఎక్కు" అన్నాడు.

"అల్లుడా!" అని సరంగు కేకేశాడు.

"నీటిలో ఉంటే పడవ మావా. ఇసక మీదుంటే సెక్కే కదేటి" అన్నాడు నాన్న. నేను ఎక్కి కూర్చున్నాను. కాగితం, పెన్సిలు ఒళ్లో పెట్టుకున్నాను.

నాన్న నా ఎదురుగా వల సర్దడం మొదలెట్టాడు. నీటిమీద తేలే బెండ్లన్నీ ఒక పక్క, సీసం గుళ్లన్నీ ఒక పక్క, మధ్యలో వల మడత మీద మడత. నేను గీస్తున్నాను. కొట్లాటకొచ్చిన ఇద్దరూ కాసేపు దూరంగా నుంచున్నారు. తరవాత ఒకడు దగ్గరికొచ్చి "తెడ్డు అక్కడుండదు దీదీ" అన్నాడు. రెండోవాడు తొంగి చూసి "ఇది నానేనా? నా పొట్ట ఇంతుందేటి?" అన్నాడు. "ఇంకా పెద్దదిరా" అన్నాడు మొదటివాడు. ఇక ఆ బొమ్మ నాది కాకుండా పోయింది. చుక్కాని పట్టుకునేవాడు ఎటు తిరిగి కూర్చోవాలో వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే సరంగు ఉండబట్టలేకపోయాడు. "మీ మొహాలు! తప్పుకోండి" అని తనే చుక్కాని దగ్గర కూర్చుని చూపించాడు. నేను ఆయన్నే గీశాను, మీసంతో సహా. ఆ మీసం చాలాసేపు చూసుకున్నాడు.

"సరే, ఆఖర్న ఆ కోడినేటి సేసినావు?" అన్నాడు.

"కూర వండించాను తాతా."

"సీ! అది తెలివైన పనేటి? దాన్నే అడగండి, ఎక్కడికెల్తన్నావే కోడీ అని. గూట్లోకెల్లి నీళ్లు తాగుద్ది. బయటకొస్తే మళ్లీ అడగండి. దాని పనీ సెడుద్ది, మన పడవలూ ఎల్తాయి."

నెలరోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నా దొరకని ముగింపు, పుస్తకం ఆపించడానికొచ్చిన మనిషి నోట ఊడిపడింది. డుంగీలోనే పెద్దగా నవ్వేశాను. ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టు చుట్ట వెలిగించుకున్నాడు.

రెండు రోజులు కూర్చుని చివరి నాలుగు బొమ్మలూ మళ్లీ వేశాను. టపా కట్టే రోజు పొద్దున్నే కాగితాలు ప్లాస్టిక్కులో చుట్టి భుజాన సంచీ వేసుకుని బయల్దేరాను. గుమ్మంలో నాన్న ఇత్తడి చెంబు నిండా నీళ్లతో నుంచున్నాడు.

"నీళ్లెందుకు నానా?"

"ఎవడన్నా నోరు జారినాడనుకో, తిరిగొస్తావు కదా. రడీగా ఉండాల గదేటి."

అప్పటికీ నాకు పూర్తిగా ఎక్కలేదు. అమ్మ వైపు చూశాను. ఇరవై ఏళ్లుగా రోజూ "ఎక్కడికే?" అని అడిగిన అమ్మ, పెదాలు బిగబట్టి మొహం పక్కకి తిప్పేసుకుంది. వీధిలోకొచ్చాను. పక్కింటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డుంగీ వాళ్లిద్దరూ నన్ను చూసి గబుక్కున సముద్రం వైపు తిరిగారు. మా కట్టడి తెలియని కొట్టు భయ్యా మాత్రం అలవాటుగా "దీదీ, కహా..." అని మొదలెట్టాడు.

"చుప్!" అని సరంగు గర్జించాడు. "దిఖ్తా నహీ? వేటకెల్తన్న మనిసిని అడుగుతావేటి?"

ఫెర్రీ రేవు దాకా నన్నెవరూ అడగలేదు. ఫెర్రీ కదిలాక కళ్లు తుడుచుకుని వెనక్కి చూశాను. నాన్న రేవు దాకా వచ్చి, ఒక్క చుక్కైనా ఒలకకుండా, ఆ చెంబు పట్టుకుని నుంచునే ఉన్నాడు.